మేలుకోని కంప్యూటరు

శనివారం మధ్యాహ్నం ఒంటిగంటా పది నిమిషాలకి ఆ కంప్యూటరు పదిహేడోసారి చచ్చిపోయింది.

నీలం తెర వచ్చింది. ఏదో తేడా జరిగింది, మళ్ళీ మొదలెడతానంది. నల్లబడింది. కంపెనీ బొమ్మ తేలింది. దాని కింద తెల్ల చుక్కలు ఒకదాని వెనక ఒకటి గుండ్రంగా తిరిగి తిరిగి మళ్ళీ నీలంలోకి మునిగిపోయాయి. జ్వరం మనిషి మంచం దిగబోయి, కాలు నేలకి ఆనకముందే తిరిగి పక్కమీద వాలిపోయినట్టుంది దాని వాలకం.

రోజారమణి కుర్చీలో వెనక్కి జారబడి చూస్తోంది. రాత్రంతా ఆమెకీ నిద్ర లేదు. ఫిషింగ్ హార్బరులో బోటు యజమానుల సంఘం ఆఫీసది. పక్కనే ఐసు ఫ్యాక్టరీ. కిటికీలోంచి ఐసు పొగ చల్లగా లోపలికొచ్చి బల్లమీద పాకుతోంది. ఆ పొగ వెనక చుక్కలు తిరుగుతుంటే నీళ్ళలో పిల్లచేపలు తిరిగినట్టే ఉంది. ఆ చేపల వెనక ఎక్కడో ఆరుగురు మనుషులున్నారు.

మంగళవారం తెల్లారుజామున సన్యాసిరాజు బోటు అయిదుగురు కలాసీలతో వెళ్ళింది. మూడు రోజుల్లో వస్తానన్నాడు. గురువారం మధ్యాహ్నం నుంచి అతని వైర్‌లెస్ పలకడం లేదు. చోటు తెలిస్తే గానీ గాలింపు ఓడ కదలదని సంఘం అధ్యక్షుడు అచ్యుతరామయ్య చెప్పాడు. చోటు ఎవరికి తెలుసు? బయల్దేరే మనిషిని ఎక్కడికని అడగరు. అడిగినా, చేప దొరికే చోటు ఏ డ్రైవరూ కట్టుకున్న పెళ్ళానికి కూడా చెప్పడు. ఆ చోట్లన్నీ అతని చేతిలో పట్టే జీపీఎస్ మిషన్లో ఉంటాయి. ఆ మిషను వెళ్ళేముందు ఈ కంప్యూటరుకి తగిలించి చార్జింగు పెట్టారు. దాని ఆనవాలేదైనా ఇందులో ఉండిపోయిందేమోనన్నదొక్కటే మిగిలిన ఆశ.

అందుకే సన్యాసిరాజు భార్య కాశమ్మ నిన్న సాయంత్రం కంచరపాలెం వచ్చి రోజారమణి రిపేరు కొట్టు ముందు కూర్చుంది. రోజారమణికి డిగ్రీ లేదు, బోర్డు లేదు. ఒకప్పుడు ఉక్కు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలి. సమ్మె కట్టించిందని కాంట్రాక్టరు గెంటేస్తే తుక్కు కొట్టు చేరి, పారేసిన కంప్యూటర్లు విప్పి విప్పి పని నేర్చుకుంది. పోలీసులు రేపు రమ్మన్న కేసులు ఆమె దగ్గరికి ఇవాళే వస్తాయి. పోయినవి వెతికిపెడుతుందని పేరు.

"మూడింటికి నాకు అప్పజెప్పాలి మేడమ్," అన్నాడు ఉదయ్‌కుమార్.

అధ్యక్షుడు తెప్పించిన సిస్టమ్ ఇంజనీరతను. ముప్పై ఏళ్ళుంటాయి. ఇస్త్రీ చొక్కా, మెడలో కార్డు. పదకొండింటి నుంచి ఖాళీ ఐసు పెట్టె మీద కూర్చుని కాలు ఊపుతున్నాడు.

"అప్పజెప్తే ఏటి సేత్తావు?"

"ఫార్మాట్. పావుగంటలో కొత్తదానిలా లేస్తుంది."

"లేస్తాది బాబూ. లేసి నువ్వెవరని అడుగుతాది. దానికేటీ గురుతుండదు."

"రేపు పొద్దున్న బోట్లకి టోకెన్లివ్వాలి. మీరు సాంబ్రాణి వేసి లేపుతారేమో, నాకు ప్రొసీజర్ ఉంది."

"నీ ప్రొసీజర్లో ఆరుగురు మనుసులున్నారా? సూసి సెప్పు."

అతను కాలు ఊపడం ఆపి ఫోన్లోకి చూసుకున్నాడు. చదువుకున్నవాడికి యంత్రం పాడైతే యంత్రం కనిపిస్తుంది. తుక్కులో నేర్చుకున్నదానికి దాన్ని చివర ముట్టుకున్న మనిషి కనిపిస్తాడు. ఇద్దరికీ పొత్తు కుదరదు.

రోజారమణి ఆపరేటరు నాగశ్రీ వైపు తిరిగింది. పోర్టు ఉద్యోగం కోసం కాకినాడ నుంచి వచ్చిన కుటుంబం ఆ పిల్లది. చేరి రెండు నెలలైంది. ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడి ఉంది.

"ఇది ఎప్పట్నుంచి లేవట్లేదు?"

"సోమవారం సాయంత్రం నుంచండి. అయిదున్నరకి బాగానే ఆపాను. ఏదో మర్చిపోయి ఆరింటికి మళ్ళీ వెయ్యబోతే ఇలాగే నీలంగా వచ్చేసిందండి."

"ఆ అరగంటలో ఎవరున్నారిక్కడ?"

"నేను టీకెళ్ళానండి. తలుపు తీసే ఉంటుంది. చార్జింగులకి అందరూ వస్తూంటారు కదండి."

"మంగళారం?"

"నాలుక్కి తెరిచానండి. కంప్యూటరు లేవకపోయినా చార్జింగ్ ఎక్కుతుంది కదండి, అందరూ తగిలించుకున్నారు. నాలుగూ నలభై అయిదుకి ఐసు టోకెన్లివ్వడానికి ఫ్యాక్టరీ దగ్గరికెళ్ళాను. వచ్చేసరికి అయిదుంబావు. సన్యాసిరాజుగారి మిషను కిటికీలోంచి నేనే అందించానండి."

"ఆ పిల్ల నా పక్కనే నిలబడింది అప్పా," అంది గుమ్మంలో కూర్చున్న కాశమ్మ. "అరగంటా ఎక్కడికీ ఎల్లలేదు. నాను సూసాను."

అరగంట. తలుపు తీసి ఉన్న గదిలో మేలుకోని యంత్రం. రోజారమణి కళ్ళు మూసుకుంది. ఉదయ్‌కుమార్ నవ్వాడు గానీ ఆమె పద్ధతే అది. ఆ తెల్లారుజాము గది కళ్ళ వెనక మెల్లగా తేలింది. పసుపు బల్బు, ఐసు పొగ, దూరంగా ఇంజన్ల దడదడ. ఒక మనిషి లోపలికొచ్చాడు. మొహం లేదు, చేతులున్నాయి. ఆ చేతులు ముందు ఏం ముట్టుకున్నాయి?

కళ్ళు తెరిచి బల్ల చూసింది. కంప్యూటరు నుంచి ఒక వైరు పొడుగాటి పెట్టెలోకి వెళ్ళింది. ఆ పెట్టెకి ముప్పై పైచిలుకు కన్నాలు. రెండు మూడు తప్ప అన్నిటికీ చార్జింగు తాళ్ళు. తాళ్ళకి రంగురంగుల గుడ్డ పీలికలు కట్టి ఉన్నాయి.

"కాశమ్మా, ఇలా రా. మీ ఆయన తాడేది?"

కాశమ్మ లేచి వచ్చింది. వేలు చాపి, చాపిన వేలు అలాగే ఉంచేసింది.

"ఎర్ర పీలిక మాదే. అదక్కడుందేటి?"

"ఎక్కడుండాల?"

"మూడో కన్నం. తొలిసారి మిషను ఆ కన్నంలో ఎట్టినరోజు బోటునిండా వంజరం పడింది. అప్పట్నుంచి అది మా కన్నం. ఎవుడి కన్నం ఆడిది. తొమ్మిదోది ఎవుడిదీ కాదు. మా ఆయన సచ్చినా దాంట్లో ఎట్టడు. ఇంకోడు ఎట్టినా ఊరుకోడు."

నాగశ్రీ నోటిమీద చెయ్యి వేసుకుంది. "మంగళవారం పొద్దున్న గొడవైందండి. నా కన్నంలో నీ తాడెవడు పెట్టాడని ఒకళ్ళనొకళ్ళు తిట్టుకున్నారు. నాకర్థం కాలేదు. ఎవరి తాడు వాళ్ళు సర్దుకుని పోయారండి."

"అందరూ సర్దుకున్నారు. అప్పటికే సముద్రం మీదికి ఎల్లిపోయినోడి తాడొక్కటీ ఉండిపోయింది," అంది రోజారమణి. "అంటే ఆ అరగంటలో ఎవడో తాళ్ళన్నీ పీకి, తోచినట్టు తిరిగి ఎట్టాడు. సేపలోడైతే కన్నం తప్పడు. ఇతను సేపలోడు కాదు. మరి తాళ్ళెందుకు పీకాలి? ఏం ఇంజనీరుగారూ?"

ఉదయ్‌కుమార్ ఠక్కున చెప్పేశాడు. "స్టార్టింగ్‌లో క్రాష్ అవుతుంటే ఫస్ట్ స్టెప్ అదే. బయట తగిలించినవన్నీ తీసి చూడాలి."

అన్నాక అతని మొహం మారింది.

"నువ్వు పీకావా?"

"నేను ఇవాళ పదకొండింటికి వచ్చాను. దీన్ని ముట్టుకోనే లేదు. ఏమనుకుంటున్నారు నన్ను?"

"ఇంకా అనుకోలేదు. అనుకున్నప్పుడు మొకం మీదే సెప్తాను."

ఆమె ఫోనుతో తాళ్ళ ఫొటో తీసి, ఒక్కోటి పీకింది. కంప్యూటరు మూత విప్పింది. లోపల మెమరీ కార్డు అంచుల మీద ఉప్పుగాలికి పట్టిన మరక. నాగశ్రీ దగ్గర రబ్బరు అడిగి, పిల్లలు స్లేటు తుడిచినట్టు ఓపిగ్గా ఆ బంగారు గీతలు తుడిచి, తిరిగి నొక్కింది. ఆన్ చేసింది. చుక్కలు తిరిగాయి. నీలం. పద్దెనిమిదోసారి.

"చెప్పాను కదా," అన్నాడు ఉదయ్‌కుమార్.

"ఇది తుప్పు జబ్బు కాదని తేలింది. అదీ పనికొస్తాది."

చుక్కలు తిరుగుతుండగానే బటన్ నొక్కిపట్టి ఆపింది. మళ్ళీ వేసి, మళ్ళీ ఆపింది. మూడోసారికి యంత్రం విసిగి వేరే తెర చూపించింది: ఏం చెయ్యమంటావని. ఆమె వేళ్ళు వరసగా దిగాయి. చివరికి వచ్చిన జాబితాలో నాలుగో అంకె నొక్కింది. సేఫ్ మోడ్. అలంకారాలు, అరువు సరుకు ఏవీ లేకుండా యంత్రం తన ఒంటి బలంతో లేచే దారి అది.

ఈసారి నీలం రాలేదు. నల్లటి తెర మీద నాలుగు మూలలా చిన్న అక్షరాలు వెలిగాయి.  పక్క ఫ్యాక్టరీలో ఐసు దిమ్మ విరిగిన చప్పుడు, కలలో ఎవరో పిలిచినట్టు, దూరంగా వినిపించింది.

"లేసింది," అంది కాశమ్మ గొణుగుతున్నట్టు.

యంత్రం ఎప్పుడు లేచిందీ, ఎప్పుడు పడిందీ దాని డైరీలో అదే రాసుకుంటుంది. రోజారమణి ఆ పట్టీ తెరిచి కిందికి జరుపుకుంటూ పోయింది. సోమవారం సాయంత్రం అయిదూ నలభై రెండుకి ఎవరో కొత్త ప్రోగ్రాం ఎక్కించారు. ఆరు నుంచి అన్నీ చావులే. మంగళవారం నాలుగూ యాభై, చావు. యాభై రెండు, చావు. నాలుగూ యాభై ఎనిమిదికి మాత్రం లేచింది. సేఫ్ మోడ్‌లో. పదకొండు నిమిషాలు మెలకువగా ఉండి, అయిదూ తొమ్మిదికి ఆగిపోయింది. ఎవరో ఆపారు.

"పదకొండు నిమిసాలు. ఏటి సేసాడు అంతసేపు?"

సోమవారం ఎక్కిన ప్రోగ్రాం వెతికింది. ముందునుంచీ ఉన్న దొంగ సరుకే, సోమవారం కొత్త రకం వేశారు. చార్జింగుకి తగిలించిన ప్రతి మిషనులోంచీ చోట్ల జాబితా చడీచప్పుడు లేకుండా దాచేసుకోవడం దాని పని. చేతకానివాడు వండిన వంట, అందుకే కొత్తది యంత్రం గొంతుకి అడ్డంపడింది. దాచిన గదిలో ముప్పై బోట్ల పేర్లు. ముప్పైమంది డ్రైవర్లు తుఫాన్లలో తిరిగి, తండ్రుల దగ్గర విని, ఎవరికీ చెప్పకుండా పోగేసుకున్న చేపల చోట్లు.  కూలివాడి చెమట ఎలా దొంగిలిస్తారో తెలుసు. వాడి తెలివి కూడా దొంగిలించడం ఇదే చూడడం.

"మా ఆయన అనేవోడు," అంది కాశమ్మ. "నాను ఎల్లే సోటికి మూడుసార్లు ఇంకో బోటు ముందే ఒచ్చి కూకుంది, నా మనసులోది ఎవడో సదివేత్తన్నాడే అని. సుక్రోరం మీటింగులో నిలదీత్తానన్నాడు."

"అధ్యక్షుడి ముందే అన్నారండి ఆ మాట," అంది నాగశ్రీ. "సోమవారం పొద్దున్న. ఇక్కడే."

సన్యాసిరాజు జాబితాలో తొలి చోటు: అక్షాంశం పదిహేడు డిగ్రీల ఇరవై నిమిషాలు, రేఖాంశం ఎనభై మూడు డిగ్రీల నలభై ఆరు నిమిషాలు. రోజారమణి చేతిమీద రాసుకుంది. దొరికిందని లేవలేదు. పదకొండు నిమిషాలు ఇంకా అక్కడే కూర్చుని ఉన్నాయి. ఆ చేతులు జాబితా ఎలాగూ దొంగిలించేశాయి, మళ్ళీ ఎందుకొచ్చాయి?

తెర మూలన చెత్తబుట్ట నిండుగా ఉంది.

తెరిచింది. ఒకే ఫైలు. సన్యాసిరాజు జాబితాయే. మంగళవారం అయిదూ ఆరుకి చివరగా మార్చి, మిషనులోకి ఎక్కించి, ఇక్కడ తుడిచేశారు. తుడిచామనుకున్నారు. బుట్టలో వేశారంతే. తొలి చోటు చూసింది. ఇరవై అలాగే ఉంది. నలభై ఆరు ఉండాల్సినచోట నలభై తొమ్మిది ఉంది.

గోడకి సముద్రం పటం వేలాడుతోంది. రోజారమణి లేచి దానిమీద వేలు జరిపింది. నీలం మీద నీలం. వేలు నిద్రలో నడుస్తున్నట్టు నడిచి, ఒక చిన్న నల్ల గుర్తు మీద ఆగింది.

కాశమ్మ చూసింది.  "అక్కడ వల ఎయ్యరప్పా. కింద ములిగిపోయిన ఓడ ఉంది. ఇనుముకి వల తగులుకుంటే బోటుని ఒంచీస్తాది."

"ఒడ్డు కనపడనికాడ, మిషను బాణం సూపించినకాడే వల ఏస్తారు. అంతేనా?"

కాశమ్మ తలూపింది.

రెండూ నలభై. నాగశ్రీ ఫోను మోగింది. అధ్యక్షుడు. రోజారమణి అందుకుంది.

"ఏమ్మా, అయ్యిందా? మా ఇంజనీరుకి వదిలేస్తే బాగుండేది."

"లేసిందండి. సన్యాసిరాజు మిషన్లో ఉన్న సోటు దొరికింది. రాసుకోండి. పదిహేడు ఇరవై, ఎనభై మూడు నలభై తొమ్మిది."

 అవతల గొంతు మెత్తబడింది. "ఓస్, మూడు మైళ్ళే కదా తేడా. ఈపాటికి ఎవరో ఒకరు చూసేవారే. సరే, గాలింపు వాళ్ళకి నేను చెప్తాను. మీరెవరూ ఫోన్లు చెయ్యకండి, కంగారు పడతారు. కంప్యూటరు ఉదయ్‌కి ఇచ్చెయ్యండి."

పెట్టేశాడు.

రోజారమణి ఫోను చెవికే ఆనించుకుని ఉంది. ఐసు పొగ మోకాళ్ళదాకా వచ్చింది. గదిలో మనుషులందరూ నీళ్ళడుగున ఉన్నట్టు, పెదాలు కదులుతున్నా మాట వినబడనట్టు అనిపించింది ఒక్క నిమిషం. తను చెప్పింది ఒక్క చోటు. ఒక్కటే. తేడా అనాలంటే రెండో చోటు తెలియాలి. ఈ గది బయట నలభై ఆరు తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకడు సముద్రం మీద ఉన్నాడు.

"ఉదయ్‌కుమారూ," అంది మెల్లగా. "మంగళారం నాలుగూ యాభైకి కంప్యూటరు సచ్చింది. నాలుగూ యాభై ఎనిమిదికి సేఫ్ మోడ్‌లో లేసింది. మద్దిలో ఎవుడో ఎవుడికో ఫోన్ సేసి అడిగాడు. నీ ఫోన్ తియ్యి."

"అది నా కస్టమర్ విషయం."

"నీ కస్టమరు ఇప్పుడు నాతో మాటాడినాడు."

అతను కాశమ్మ వైపు చూశాడు. ఆమె ఎర్ర పీలిక తాడు చేతికి చుట్టుకుంటోంది. ఉదయ్‌కుమార్ ఫోను తీసి వెనక్కి వెనక్కి జరిపి బల్లమీద పెట్టాడు. మంగళవారం, నాలుగూ యాభై మూడు. అచ్యుతరామయ్య. నాలుగు నిమిషాలు.

"సిస్టమ్ లేవట్లేదురా, ఏటి సెయ్యాలన్నాడు," అన్నాడు. ఇస్త్రీ మాటలు పోయి ఊరి మాటలు వచ్చేశాయి. "తాళ్ళన్నీ పీకీమన్నాను. సేఫ్ మోడ్ సెప్పాను. అంతే సెప్పాను. నాకు మరేటీ తెల్దు. అమ్మతోడు."

"ఫార్మాట్ ఎవుడి ఆలోచన?"

"ఆయనదే."

నాగశ్రీ గోడమీది నంబరు చూసి గాలింపు కేంద్రానికి కలిపింది. రోజారమణి ఫోనందుకుని తన పేరు, బోటు, చోటు చెప్పింది. అవతలివాడు కాగితాలు తిప్పాడు.

"ఆ బోటుకి మా ఓడ పొద్దున్న ఎనిమిదింటికే కదిలిందమ్మా. చోటు మీ సంఘం అధ్యక్షుడే ఇచ్చారు కదా, ఉత్తరాన. కళింగపట్నం దాటేసింది."

"అది తప్పుడు సోటు. ఓడ తిప్పండి."

"ఆయన అధ్యక్షుడు. మీరెవరు?"

ఆమె నోరు తెరిచింది. ఎవరు? రిపేరు కొట్టు. తుక్కు. ఇలాంటి ప్రశ్నకి జీవితంలో వందసార్లు గొంతెత్తి జవాబు చెప్పింది, వందసార్లూ అవతలివాడు పెట్టేశాడు. ఈసారి పెట్టేస్తే ఆరుగురు.

ఫోను ఆమె చేతిలోంచి ఎవరో లాక్కున్నారు.

"సార్, నేను ఉదయ్‌కుమార్, సిస్టమ్ ఇంజనీర్ని. అధ్యక్షుడుగారు పెట్టుకున్నది నన్నే. నా కార్డు నంబరు రాసుకోండి. ఆ మిషన్లో చోటు మార్చేశారు, రికార్డు నా కళ్ళముందుంది. మేడమ్ చెప్పిన చోటే కరెక్టు. తప్పయితే నన్ను జైల్లో వెయ్యండి." విన్నాడు. తలూపాడు. నుదుటి చెమట మోచేత్తో తుడుచుకున్నాడు. "తిప్పుతారట. అక్కణ్ణుంచి ములిగిన ఓడ దగ్గరికి ఆరు గంటలట."

ఆరు గంటలు. రెండు రోజులు ఆగినవాళ్ళు ఆరు గంటలు ఆగుతారు. రోజారమణి కుర్చీలో కూలబడబోయింది.

"అప్పా," అంది కిటికీ దగ్గర నిలబడ్డ కాశమ్మ. "అధ్యక్షుడి బోటు ఎల్తంది."

"గాలించడానికేమోనండి," అంది నాగశ్రీ.

కాశమ్మ తల తిప్పలేదు. ఆ గొంతులో ఏడుపు లేదు. "గాలించడానికెల్లేవోడు జనాన్ని ఎక్కించుకుంటాడు. ఇందులో ముగ్గురే ఉన్నారు. బోటు నెంబరు కనపడకుండా మీద వల కప్పీసారు."

రోజారమణి కిటికీ దగ్గరికి పరిగెత్తింది. బోటు అప్పటికే జెట్టీ వదిలింది. ఎండలో నీళ్ళమీద అది కలలో వెళ్తున్నట్టు చప్పుడు లేకుండా, తీరిగ్గా, ముక్కు ఆగ్నేయానికి తిప్పుకుంటోంది.

మునిగిన ఓడ దగ్గరికి దానికి నాలుగే గంటలు.